అడవి చదువు ఎవరి కొరకు?

కమ్యూనిటీ కళాశాలలలో ప్రకృతి వనరుల సంరక్షణను పాఠ్యక్రమంగా ప్రవేశపెట్టవలెనన్న తీర్మానం ఇటీవల ఒక శాఖా సమావేశంలో చర్చకు వచ్చినది. "ఇది మన సంఘం పనియేనా? కరువు భత్యం సంగతి చూడండి" అని ఒక సోదరుడు లేచి అడిగినాడు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అయితే మన దేశంలో ఈ చదువు పుట్టినదే రైలు పట్టాల క్రింద అన్న సంగతి మనలో చాలమందికి తెలియదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఒక్కొక్క మైలు రైలుమార్గానికి 1,760 నుండి 2,000 వరకు కొయ్య స్లీపర్లు కావలసివచ్చినవి. సాల, దేవదారు, టేకు వనాలు తరిగిపోవుచుండగా వలస ప్రభుత్వం 1864లో అటవీ శాఖను నెలకొల్పి, జర్మన్ దేశీయుడైన డీట్రిచ్ బ్రాండిస్‌ను దానికి తొలి అధిపతిగా నియమించినది. 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల వెలసినది. అటవీ చట్టం వచ్చినదీ ఆ 1878లోనే. బడిలో చదివినవాడు అధికారి అయినాడు. తరతరాలుగా ఆ అడవిలోనే బ్రతికినవాడు మోపు కట్టెలకు నేరస్థుడైనాడు. దీనిని చారిత్రక అన్యాయమని 2006 నాటి అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకొన్నది. పట్టాల క్రింద నేడు కాంక్రీటు స్లీపర్లు వచ్చినవి గాని, చదువులోని ఆ విభజన ఇంకను పూర్తిగా పోలేదు.

ఇంటికి దగ్గరలో, తక్కువ రుసుముతో, పని చేసుకొనుచునే చదువుకొను కళాశాల అన్న ఆలోచనకు 1901లో అమెరికాలోని జోలియట్ పట్టణం నాంది పలికినది. మన దేశంలో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం 1995లో ఇట్టిదానిని ప్రారంభించినది. 2013 ప్రాంతంలో యు.జి.సి. దీనిని పథకంగా చేసి, ఉన్న కళాశాలలలోనే సర్టిఫికెట్టు, డిప్లొమా తరగతులకు వీలు కల్పించినది. స్థానిక పరిశ్రమను భాగస్వామిగా చేసుకొనవలెనన్నది ఆ పథకానికి ఆయువుపట్టు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. దుకాణానికి యజమాని ఉన్నాడు, ఆసుపత్రికి యజమాని ఉన్నాడు. చెరువు పక్షాన జీతమిచ్చి మనిషిని పెట్టుకొను యజమాని ఎవరు?

పర్యావరణ విద్యను తప్పనిసరి చేయవలెనని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించినది. దాని ఫలితంగా డిగ్రీ విద్యార్థులకు ఒక పేపరు దక్కినది. పరీక్షకు ముందు రాత్రి చదివి, మరునాడు మరచిపోవు పేపరు! ఇందుకు మన ఇండ్లలోని పిల్లలే సాక్షులు.

అసలైన చదువు ఎట్లుండునో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కరువు జిల్లాల రైతులు చూపినారు. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి ఏడు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, 2000 తరువాతి దశాబ్దంలో ఒక ప్రయత్నం జరిగినది. రైతులు తామే వర్షపాతం నమోదు చేసినారు. పదిహేను రోజులకొకసారి బోరుబావులలో నీటిమట్టం కొలిచినారు. రబీకి ముందు ఊరంతా కూర్చుండి, నేలలో ఎంత నీరున్నది, ఏ పైరుకు ఎంత కావలెనని లెక్క కట్టినారు. ఏ పైరు వేయవలెనో ఎవరూ శాసించలేదు. లెక్క చూచి నిర్ణయించుకొన్నది రైతే. వారిలో బడి ముఖం చూడనివారును కలరు. ఆ నేర్పునకు డిప్లొమా ఇచ్చు కళాశాల ఏది?

మన సభ్యుల నేర్పు మాత్రం తక్కువదా? ఏ కల్వర్టు క్రింద ఎంత వానకు ఎంత నీరు పారునో, ఏ కట్ట ఎప్పుడు జారునో గ్యాంగ్‌మన్‌కు తెలిసినట్లు మరొకరికి తెలియదు. లక్షన్నరకు పైబడిన తపాలా కార్యాలయాలలో సుమారు తొంభై శాతం గ్రామాలలోనే ఉన్నవి. ఏ వీధి బోరు ఎండినదో గ్రామీణ డాక్ సేవకుడు రోజూ చూచుచునే ఉన్నాడు.

కావున భాగస్వామి యజమానిగా రైల్వే యాజమాన్యమే ముందుకు రావలెను. నాలుగు లక్షల హెక్టార్లకు మించిన భూమి, దానిలో చెట్లు, చెరువులు, వేలాది వంతెనలు దాని చేతిలో ఉన్నవి. జంక్షన్ పట్టణాలలోని ప్రభుత్వ కళాశాలలతో ఒప్పందం చేసుకొని, తన భూమినే ప్రయోగశాలగా ఇచ్చి, చదివినవారికి ఉద్యోగం చూపవలెను. సిబ్బంది అనుభవాన్ని పాఠ్యక్రమంలో మార్కులుగా లెక్కించవలెను. ఆ పనిని కాంట్రాక్టర్ల పాలు చేయుటకు ఈ డిప్లొమా సాకు కారాదు. ఈ ఒక్క షరతులో మనం వెనుకకు తగ్గరాదు.

2013 డిసెంబరులో వెలువడిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, ప్రభుత్వ నియామక నిబంధనలను ఇట్టి అర్హతలకు అనుగుణంగా సవరించవలెనని చెప్పినది. ఆ మాటను ఎత్తి చూపుచు, ప్రతి రైల్వే శాఖయు ఈ అంశాన్ని వచ్చే పి.ఎన్.ఎం. అజెండాలో చేర్పించవలెను. తపాలా సోదరులు జె.సి.ఎం. ద్వారా ఇదే కోర్కెను ముందుంచవలెను. కరువు భత్యం అంశం ఎటులను అజెండాలో ఉండనే ఉన్నది.