ఒకే చిరునామా ఉన్న గబ్బిలం

బదిలీ ఉత్తర్వు రాగానే సామాన్లు సర్దుకోవడం మనకు అలవాటే. కొత్త ఊరు, కొత్త స్నేహితులు. కొన్నాళ్ళు బెంగగా ఉన్నా, వెళ్ళిన చోట ఒక క్వార్టర్ ఉంటుంది, చదివే పుస్తకాలు అవే ఉంటాయి. కానీ ఉన్న ఇల్లు పోతే మరో ఇల్లు లేని ప్రాణి ఒకటి మన దేశంలో ఉంది. అదే కోలార్ ఆకుముక్కు గబ్బిలం.

కర్ణాటకలోని కోలార్ అనగానే బంగారు గనులు గుర్తుకొస్తాయి. ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఆ జిల్లాలో తెలుగు మాట్లాడే కుటుంబాలూ చాలా ఉన్నాయి. అక్కడి హనుమనహళ్ళి గ్రామం దగ్గరి ఒక రాతి గుహే ఈ గబ్బిలానికి తెలిసిన ఏకైక నివాసం. శాస్త్రవేత్తలు 1994లో దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. ఒకప్పుడు తేరహళ్ళిలోనూ ఉండేది, ఇప్పుడు అక్కడ లేదు. మిగిలినవి 200 లోపే. అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో ఇదొకటి.

దీనికి ముఖ్య కారణం గ్రానైట్ తవ్వకాలు. రెక్కలున్నాయి కదా, ఇంకో కొండకు పోవచ్చుగా అని కొందరు అడుగుతారు. గుహలో ఉండే గబ్బిలానికి చీకటి ఒక్కటే చాలదు. లోపలి వేడి, తేమ పెద్దగా మారకుండా ఉండాలి. పగలు అలికిడి ఉండకూడదు. రాత్రి వేటాడటానికి దగ్గర్లో పురుగులు దొరకాలి. ఇవన్నీ కలిసిన గుహలు అరుదు. పైగా ఇలాంటి గబ్బిలాలు సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. తగ్గిన సంఖ్య మళ్ళీ పెరగాలంటే ఏళ్ళు పడుతుంది.

గ్రానైట్ అసలే వద్దని మేము అనడం లేదు. మన వంటింటి గట్టు మీద ఉన్న రాయి కూడా ఏదో ఒక కొండ నుంచి వచ్చిందే. ఆ పని మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి. మేము కోరేది ఒక్కటే: కొండకు తవ్వకం అనుమతి ఇచ్చే ముందు అందులో గుహలున్నాయా, వాటిలో ఏ ప్రాణులు ఉంటున్నాయి అని చూడాలి. హనుమనహళ్ళి గుహల చుట్టూ 30 ఎకరాలను కర్ణాటక అటవీ శాఖ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఇది మంచి పని. ఇలాంటి జాగ్రత్త ప్రమాదం ముంచుకొచ్చాక కాకుండా ముందే తీసుకోవాలి.

గబ్బిలం కనిపిస్తే అశుభమని ఇప్పటికీ చాలామంది అంటారు. మన గుర్రం జాషువా మాత్రం ‘గబ్బిలం’ కావ్యంలో ఒక పేదవాడి మొరను శివుడికి చేర్చే దూతగా దాన్నే ఎంచుకున్నారు. ఇప్పుడు దాని మొరను మనుషులకు చేర్చేవాళ్ళు కావాలి. రాష్ట్రం నుంచి రాష్ట్రానికి తిరిగే మనకంటే ఆ పనికి తగినవాళ్ళు ఎవరు? విహారయాత్రలో గుహకు వెళ్తే అరవకుండా, గబ్బిలాల మీద టార్చి వేయకుండా, రాళ్ళు విసరకుండా ఉందాం. తోటివారికీ చెబుదాం.