ఎండలు ముదురుతున్నాయి: పుట్టగొడుగుల గదికి ఏసీ కొనేముందు ఈ లెక్క చూడండి

తెలుగు రాష్ట్రాల్లో పుట్టగొడుగుల పెంపకం మొదలుపెట్టేవారిలో ఎక్కువమంది చలికాలంలోనే మొదలుపెడతారు. ఇంటి వెనక ఖాళీ గదిలోనో, పాత కోళ్ల షెడ్డులోనో ముత్యపు చిప్ప రకం వేస్తారు. నవంబరు, డిసెంబరులో మొదటి పంట బాగా వస్తుంది. ఆ ధైర్యంతో అప్పు తెచ్చి బెడ్లు రెట్టింపు చేస్తారు. మార్చి దాటాక గదిలో పుల్లటి వాసన, బెడ్ల మీద పచ్చని బూజు, వేలెడు పొడవు కాడకు గుండీ అంత గొడుగు కనిపిస్తాయి. అప్పుడు ఎవరో ఒకరు ఏసీ పెట్టమంటారు.

వాతావరణ శాఖ లెక్కల ప్రకారం 1901 తర్వాత మన దేశంలో అత్యంత వేడిగా నమోదైన సంవత్సరం 2024. పగటి ఎండ కన్నా రాత్రి చల్లబడకపోవడమే గదిలో పెంచే పంటకు పెద్ద దెబ్బ. పగలంతా వేడెక్కిన స్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని లోపలికి వదులుతూనే ఉంటుంది. పాత పద్ధతిలో రాత్రిపూట కిటికీ తెరిచి గది చల్లబరుచుకున్న రైతుకు ఇప్పుడు ఆ వెసులుబాటు తగ్గిపోయింది. కాబట్టి ఏసీ ఆలోచన రావడం సహజమే. కానీ అది ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకుని డబ్బు పెట్టండి.

ఇంట్లో వాడే స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలిని లోపలికి తేదు. పైగా గాలిలోని తేమను నీళ్లుగా పిండి బయటికి పంపుతుంది. పుట్టగొడుగుకు మొగ్గ వేసే దశలో 80 నుంచి 85 శాతం తేమ కావాలి, తాజా గాలి కావాలి. బెడ్లు కూడా మనలాగే ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. విత్తనం అల్లుకునే మొదటి 15, 20 రోజులు ఆ వాయువు ఎక్కువున్నా ఇబ్బంది లేదు, గది మూసే ఉంచవచ్చు. మొగ్గ కనిపించిన రోజు నుంచి మాత్రం అది 1,000 పీపీఎం లోపే ఉండాలి. లేకపోతే గాలి కోసం కాడ సాగుతుంది, గొడుగు విప్పుకోదు. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో జరిగేది ఇదే.

ఖర్చు సంగతి. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు కాలుస్తుంది అనుకుందాం. రోజుకు 18 గంటలు నడిస్తే 27 యూనిట్లు, నెలకు 810. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా 5,670 రూపాయలు. బెడ్డుకు కిలో ఎండుగడ్డి చొప్పున 200 బెడ్లు వేస్తే, పంట బాగుంటే రెండు నెలల్లో 120 నుంచి 160 కిలోలు వస్తాయి. అంటే కిలోకు 70 నుంచి 95 రూపాయలు ఏసీకే పోతాయి. మీ ఊళ్లో కిలో ఎంతకు అమ్ముడుపోతోందో దాని పక్కన పెట్టి చూడండి. మొత్తం సరుకు తామే కొంటామని చెప్పి బెడ్లు అంటగట్టేవారు ఈ లెక్క చెప్పరు. ఇంకోమాట, వ్యవసాయానికిచ్చే ఉచిత కరెంటు పంపుసెట్లకు. ఆ వైరు గదిలోకి లాగకండి. మీ షెడ్డు ఏ కేటగిరీ కిందికి వస్తుందో విద్యుత్ కార్యాలయంలో ముందే అడగండి.

మరి చల్లబరచడం ఎలా? తడి గోనె సంచులు, వట్టివేళ్ల తడికలు మనకు కొత్త కాదు. గాలి తడి మీదుగా వచ్చినప్పుడు నీరు ఆవిరై వేడిని పట్టుకుపోతుంది. చల్లదనం, తేమ, తాజా గాలి మూడూ ఒక్క ఖర్చుతో వస్తాయి. అయితే ఇది అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు.

ఏప్రిల్ మధ్యాహ్నం నల్గొండలోనో, అనంతపురంలోనో 42 డిగ్రీల ఎండ, గాలిలో 20 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలిని తడి ద్వారా 24 డిగ్రీల దాకా దించే వీలుంది. తడిక సరిగ్గా కట్టి ఫ్యాను బాగా లాగితే గదిలో 28 డిగ్రీలు ఆశించవచ్చు. అదే కాకినాడ వైపు 37 డిగ్రీల ఎండ, 60 శాతం తేమ ఉంటే తడి ఎంత పెట్టినా 30 కిందికి దిగదు, గదిలో 31, 32 ఉంటుంది. అంటే చూడటానికి తక్కువ ఎండ ఉన్న కోస్తాలోనే గది చల్లబరచడం కష్టం. మీ దగ్గర ఎంతకు దిగుతుందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. థర్మామీటరు గుండుకు తడి గుడ్డ చుట్టి ఫ్యాను ముందు ఐదు నిమిషాలు పెట్టండి. అది ఎక్కడ ఆగితే తడి పద్ధతికి అదే హద్దు. మధ్యాహ్నం రెండింటికి చూడండి, ఉదయం కాదు.

ఆ హద్దు 25 లోపు ఉంటే వేసవిలోనూ ముత్యపు చిప్ప రకంతో ప్రయత్నించవచ్చు, దిగుబడి కాస్త తగ్గినా సరే. 28 దాటితే గదితో కుస్తీ మాని పంట మార్చండి. పాల పుట్టగొడుగులు 30 నుంచి 35 డిగ్రీల మధ్యే బాగా వస్తాయి. బెడ్డుపై శుద్ధి చేసిన మట్టి పొర వేయాలి, వెలుతురు ఇవ్వాలి, ఆ పని ఎక్కువే. కానీ కోస్తా వేసవికి అది సరిపోయే పంట. కోసిన తర్వాత ముత్యపు చిప్ప కన్నా ఎక్కువ రోజులు నిల్వ ఉంటుంది కూడా. విత్తనం కోసం మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో రెండు నెలల ముందే అడిగి పెట్టుకోండి.

ఫ్యాను ఎంపికలో రైతులు ఎక్కువగా పొరబడతారు. 20 అడుగుల పొడవు, 15 వెడల్పు, 10 ఎత్తు గదిలో 3,000 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. తాజా గాలి కోసమే అయితే గంటకు 4 నుంచి 6 సార్లు గాలి మారితే చాలు. నిమిషానికి వెయ్యి ఘనపుటడుగులు లాగే 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను గంటకు 15 నిమిషాలు తిరిగితే అయిదుసార్లు మారినట్టు. తడికల ద్వారా చల్లబరచాలంటే మాత్రం దాదాపు నిమిషానికొకసారి గాలి మారాలి, అంటే అలాంటివి మూడు ఫ్యాన్లు. తడిక ఒక గోడకు, ఫ్యాన్లు ఎదుటి గోడకు ఉండాలి. రెండూ పక్కపక్కనే ఉంటే గాలి అక్కడికక్కడే తిరిగి వెళ్లిపోతుంది. అగరుబత్తి వెలిగించి అడుగు అరల మూలల్లో పట్టుకోండి. పొగ కదలకుండా నిలబడిందంటే మీ పొడుగు కాడలు అక్కడినుంచే వస్తున్నాయి. ఈగలు రాకుండా గాలి వచ్చే ప్రతి దారికీ సన్నని వల కట్టాలి.

రేకుల షెడ్డయితే ముందు పైకప్పు సంగతి చూడండి. తాటాకు లేదా కొబ్బరి మట్టలు పరచడం, స్లాబుకు సున్నం కొట్టడం ఫ్యాను కన్నా చవక, కరెంటు పోయినా పనిచేస్తాయి. విత్తనం అల్లుకునేటప్పుడు బెడ్డు లోపల గది కన్నా 2 నుంచి 4 డిగ్రీలు ఎక్కువుంటుంది. కాబట్టి థర్మామీటరు గోడకు కాకుండా ఒక బెడ్డులో గుచ్చండి. లోపల 40 దగ్గర కొన్ని గంటలున్నా విత్తనం చచ్చిపోతుంది. వేసవిలో బెడ్ల మధ్య చెయ్యి దూరేంత ఖాళీ వదలండి.

ఇక వాసన. దాన్ని పోగొట్టేందుకు ఫినాయిల్, సెంటు చల్లినవారున్నారు. వాసన జబ్బు కాదు, జబ్బు కబురు. పుల్లగా ఉంటే గడ్డి సరిగా ఉడకలేదు లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. 80 డిగ్రీల నీటిలో గంటసేపు ఉంచి, ఆరబెట్టి, గుప్పిట పిండితే చెయ్యి తడవాలి గానీ చుక్క రాలకూడదు. కుళ్లిన గుడ్డు కంపు వస్తే బెడ్డు లోపల గాలి ఆడటం లేదు. ముక్కు మండే ఘాటు వస్తే తవుడో, కోళ్ల ఎరువో ఎక్కువ కలిపారు. పచ్చబూజు పట్టిన బెడ్డును గదిలో విప్పకుండా సంచితో సహా బయటికి తీసి దూరంగా పూడ్చండి. ఫార్మలిన్ వాడితే ఖాళీ గదిలోనే, ఆ తర్వాత తలుపులు తెరిచి రెండు రోజులు గాలి ఆడనివ్వాలి.

వాసన లేకపోయినా ప్రమాదమైనది ఒకటుంది. ముత్యపు చిప్ప గొడుగులు ముదిరితే కంటికి కనిపించని పొడి లక్షల్లో రాలుతుంది. రోజూ పీల్చేవారికి దగ్గు, సాయంత్రం జ్వరం, ఆయాసం పట్టుకుంటాయి. కోతకు వెళ్లేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. గొడుగు అంచు ముడుచుకుని ఉండగానే కోయండి, వెళ్లేముందు పావుగంట ఫ్యాను వేయండి, మాస్కు లేకుండా ఎవరినీ పంపకండి. ఫ్యాను గాలి పక్కింటి కిటికీ వైపు పోకుండా చూసుకోండి. కోత అయిపోయిన గడ్డి గది పక్కనే కుప్ప వేయకుండా వానపాముల ఎరువుకో, పొలానికో అదే వారంలో తరలించండి. ఊళ్లో ఫిర్యాదులు చాలావరకు ఆ కుప్ప దగ్గరే మొదలవుతాయి.