సైకిల్ కొనేముందు క్యారియర్ చూడండి

గత నెల వాన పడ్డ రోజు మా ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఆలస్యంగా వచ్చాడు. బ్యాగు మీద నడుము నుంచి మెడదాకా బురద చార. లోపల నేను దిద్దిన ఇంగ్లిష్ నోట్సు తడిసి సిరా కారిపోయింది. తిట్టబోయి ఊరుకున్నాను. కొత్త సైకిలే! మందపు టైర్లు, ముందూ వెనకా షాకర్లు. మడ్‌గార్డులు లేవు, క్యారియర్ లేదు.

పేరెంట్స్‌కి నా మనవి: ఎంపిక పూర్తిగా పిల్లలకే వదిలేయకండి. తారురోడ్డు మీద షాకర్లు అదనపు బరువే. పైగా వెనక షాకరున్న ఫ్రేముకు మామూలు క్యారియర్ సరిగా కుదరదు. షాపులో సైకిల్‌ని పిల్లవాడితోనే ఎత్తించండి. రెండు మెట్లు ఎక్కించలేకపోతే అది వాడికి బరువే. వెనక ఇరుసు దగ్గర బోల్టు రంధ్రాలున్నాయా చూడండి. ఉంటే క్యారియర్, మడ్‌గార్డులు తర్వాతైనా బిగించుకోవచ్చు. ఎలాగూ పెరుగుతాడు కదా అని పెద్ద సైజు మాత్రం వద్దండి. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు నేలకు ఆనాలి.

మడ్‌గార్డులుంటే ఫ్రెండ్స్ నవ్వుతారట. బుట్టా క్యారియర్ ఉన్న లేడీస్ సైకిల్ మీదే నేను బీఈడీ కాలేజీకి వెళ్లాను, నన్నూ నవ్వారు.

ఆ అబ్బాయి సైకిల్‌కి వాళ్ల నాన్నగారు ప్లాస్టిక్ మడ్‌గార్డులు వేయించారు. బ్యాగు మాత్రం ఇంకా భుజాల మీదే ఉంది.