కిరీటం లెక్క చెప్పండి

ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారికి,



2025 మే నెలలో 72వ ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. అందాల పోటీలు ఉండాలా వద్దా అన్న వాదన నాకు అక్కర్లేదు. ఆ పోటీ ఒక విదేశీ ప్రైవేటు కంపెనీ వ్యాపారం. దానికి మన పర్యాటక శాఖే ఆతిథ్యమిచ్చి, అధికారులే దగ్గరుండి రామప్పకూ, పోచంపల్లికీ తిప్పారు. 54 కోట్ల ఖర్చులో సగం రాష్ట్రానిదని అప్పట్లో చెప్పారు. స్పాన్సర్ల నుంచి ఎంత తిరిగొచ్చింది? ఆ కంపెనీతో ఒప్పందంలో ఏముంది? కాగితాలు బయట పెడితే సరిపోతుంది. పోచంపల్లి నేతన్నకు ఆ తర్వాత ఆర్డర్లు పెరిగాయో లేదో కూడా అందులోనే రాయించండి.

ఇక మా సంగతి. బోధన్‌లో నిజాం కాలంలో, 1930ల్లో పుట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో క్వార్టర్లు శిథిలమవుతున్నాయి. చెరుకు వేసిన చేలల్లో ఇప్పుడు వరి. 2024 జనవరిలో మీరు ఫ్యాక్టరీని తిరిగి తెరిపించేందుకు మంత్రి శ్రీధర్ బాబు గారి అధ్యక్షతన కమిటీ వేశారు, కాదనను. కానీ సుందరీమణుల పర్యటనకు గంటల వారీగా షెడ్యూలు ఇచ్చిన యంత్రాంగం క్రషింగ్‌కు ఒక తేదీ ఇవ్వలేదా? పైగా చెరుకు ఇవాళ నాటితే రేపు గానుగకు రాదు. పది పన్నెండు నెలల పంట. నాట్లకు ముందే ఆ తేదీ చెప్పించండి.

ఇట్లు,
బోధన్ చెరుకు రైతు