సర్టిఫికెట్ సరే.. సెన్సర్ బిగించారా?

ఆటోమొబైల్ కొలువు కోసం సర్టిఫికెట్ల మీద సర్టిఫికెట్లు పోగేస్తున్నారా? కాస్త ఆగండి. ఇంటర్వ్యూలో ‘ఇంజిన్‌కు ఆయిల్ పంపు ఎందుకు?’ అంటే గడగడా చెప్పేస్తారు. ‘కారులో ఆయిల్ ప్రెషర్ ఎలా కొలుస్తారు?’ అంటే మాత్రం నోరు పెగలదు. తేడా అక్కడే!

చాలా కార్లలో ఆయిల్ ప్రెషర్‌కు ఉండేది ఓ స్విచ్, ఓ ఎర్ర లైటు. ప్రెషర్ బాగా పడిపోయాకే అది వెలుగుతుంది. ఎంతుందో చెప్పదు. విడిగా గేజ్ బిగిస్తే అంకె కనిపిస్తుంది. ఆ బిగింపులోనే అసలు చదువుంది. సెన్సర్ మర కొలత సరిపోవాలి. ఒకే వైరున్న సెన్సర్‌కు ఇంజినే ఎర్త్. మరకు టెఫ్లాన్ టేపు ఎక్కువ చుడితే రీడింగ్ తప్పొచ్చు. బ్యాటరీ దగ్గర్లోనే ఫ్యూజ్ పెట్టాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి ప్రెషర్ ఎక్కువ చూపుతుంది, వేడెక్కాక తగ్గుతుంది. ఇవన్నీ బట్టీ పడితే వచ్చేవా?

సొంత కారు అక్కర్లేదు. కాలేజీ ల్యాబ్‌లో నడిచే పాత ఇంజిన్ చాలు. వారంటీ ఉన్న బండి జోలికి మాత్రం పోవద్దు. ల్యాబ్ సార్‌ను అడగండి, నలుగురూ కలిసి బిగించండి, రీడింగులు రాసుకోండి. ఫైనలియర్ ప్రాజెక్టును కొనుక్కునే బదులు ఆ డబ్బు దీనికి పెట్టండి. రెజ్యూమెలో ఆ ఒక్క లైను మీద ఎన్ని ప్రశ్నలడిగినా మీరు తడుముకోరు.