లెక్క తప్పిన సముద్రం

ప్రతిసారీ డిపాజిట్ల సంగతి రాసే నేను ఈసారి ఉప్పునీళ్ళ సంగతి రాస్తున్నానంటే, కారణం మా మనవడు.

మా ఇల్లు తిరువళ్ళూరులో, అమ్మాయి కాపురం తిరుత్తణిలో. అక్కడ వాడికి నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలుండే క్లౌన్ చేప కావాలట. అది సముద్రపు చేప. ‘సరే, నీళ్ళు పోసిన రోజే చేప’ అని నోరుజారి మాట ఇచ్చేశాను.

‘‘పులికాట్ మన జిల్లాలోనే కదా మామయ్యా, నాలుగు డబ్బాల నీళ్ళు తెస్తే పోలా?’’ అన్నాడు అల్లుడు. అది కాయల్. వానల్ని బట్టి అక్కడి ఉప్పదనం మారిపోతుంది. వంట ఉప్పూ పనికిరాదు. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివి కూడా ఉండాలి. అందుకే చెన్నై కొళత్తూరు వెళ్ళి గాజుతొట్టి, అక్వేరియం ఉప్పు, హైడ్రోమీటరు కొన్నాను. పగడపు రాళ్ళ జోలికి పోలేదు. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి.

తొట్టి కొలతలు మూడడుగులు, అడుగుంబావు, అడుగుంబావు. ఘనపుటడుగుకు సుమారు 28.3 లీటర్లు. మొత్తం 132 లీటర్లు. సముద్రంలో సగటున లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ లెక్కన ఉప్పు తూచి సిద్ధంగా పెట్టుకున్నాను. అడుగున ఇసుక పరిచి, రాళ్ళు పేర్చి, 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు ఒక్కొక్కటే ఒంపాం. చేపలు లేవు కనుక మొదటిసారి ఉప్పు తొట్టిలోనే కలపవచ్చు. కలిపి, పంపు వేసి పడుకున్నాం.

మర్నాడు హైడ్రోమీటరు 1.025 దగ్గర నిలవాల్సింది, 1.030 దాటిపోయింది. పరికరమే తప్పనుకున్నాను. వంటింట్లో ఆరో క్యాన్ సగం మిగిలి ఉంది, ఏడోదాని మూత తీయనేలేదు. అంటే తొట్టిలో పట్టింది 110 లీటర్లే! ఇసుక, రాళ్ళు, పైన వదిలిన జాగా నేను లెక్కలో తీసెయ్యలేదు. ఇన్నేళ్ళు ఇతరుల చిట్టాలు సరిచూసినవాణ్ణి, ఇంట్లో బోల్తాపడ్డాను.

లీటరుకు 35 బదులు 42 గ్రాములన్నమాట. ఆరో వంతు, అంటే 18 లీటర్ల ఉప్పునీళ్ళు తోడేసి అంతే మంచినీళ్ళు పోశాం. ముల్లు దిగివచ్చింది.

‘‘మరి చేప ఏది తాతయ్యా?’’ అన్నాడు వాడు.

అసలు కష్టం అక్కడే. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే బాక్టీరియా తొట్టిలో ముందు పెరగాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలైనా పడుతుంది. మాట నిలబెట్టుకోవాలంటే ఆ చేపను చంపుకోవాలి. వాడికి అదే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోనులో, ‘‘ఈరోజు చిటికెడు మేత వేశాను. అమ్మ రంగు చూసి అమ్మోనియా ఉందంది’’ అన్నాడు. ఆ మేత కుళ్ళితేనే బాక్టీరియాకు ఆహారం.

ఒక ఆదివారం వెళ్ళేసరికి తిరుత్తణి ఎండకు నీళ్ళు రెండంగుళాలు తగ్గాయి. అలవాటుగా ఉప్పు డబ్బా అందుకున్నాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

‘‘ఆవిరయ్యేది నీళ్ళే తాతయ్యా, ఉప్పు అందులోనే ఉంది.’’

ఉత్త మంచినీళ్ళే పోశాం.

అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకి దిగాక, ఏడో వారంలో, సముద్రంలో పట్టినవి కాక హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు రెండు తెచ్చాం. వాటి ముందు కూర్చుని వాడు అడిగిన మొదటి మాట: ‘‘నీళ్ళు ఈరోజు ఎవరు చూశారు?’’

మీ ఇంట్లోనూ మొదలెడితే, ఉప్పు తూచే ముందు క్యాన్లు లెక్కపెట్టండి.