పాత మిషను అమ్మొద్దు



మన స్టోర్ రూములో బియ్యం బస్తాల పక్కన నల్ల కుట్టు మిషను ఉంది, అందరికీ తెలుసు. తొక్కుడు మిషను. బంగారు రంగు అక్షరాలు సగం చెరిగిపోయి 'ఉషా' అని మాత్రం కనిపిస్తాది. ఈ సెలవుల్లో దాన్ని పాత ఇనుము కింద ఇచ్చేసి, ఇంకొంచెం డబ్బు కలిపి కరెంటు మిషను కొందామని అనుకుంటున్నారట. పెద్దల మాటకి ఎదురు చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ అమ్మొద్దని నా అభిప్రాయం. ఎందుకో రాస్తాను.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ మిషను ముసలిదైపోయి పాడవలేదు. మనమే పాడు చేసేం. పోయిన డిసెంబరులో, తేలిగ్గా తిరుగుతాదని ఎవరో తలకి రాసుకునే కొబ్బరి నూనె పోసేరు. (ఎవరో అంటే వాళ్ళలో నేనూ ఉన్నాను.) ఆ రోజు బాగానే తిరిగింది. మర్నాటికి చలి ముదిరింది. మనం లంబసింగి పక్కనే ఉన్నాం, చలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. సీసాలో నూనె ఎలా గడ్డకట్టిందో మిషను లోపల కూడా అలాగే గడ్డకట్టింది. ఇద్దరం పట్టుకుని తిప్పినా చక్రం కదల్లేదు. ఇంక మిషను చచ్చిపోయిందని అందరూ అన్నారు.

సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా చిన్నమ్మని అడిగేను. ఆమె జాకెట్లు కుడతాది. విని ఒకటే నవ్వు. "ఓలమ్మా, కొబ్బరి నూనె పోసేరా! మిషనుకి జడ వేద్దామనుకున్నారా ఏటి?" అంది. తర్వాత చెప్పింది. నూనె పోసే కన్నాలన్నిటిలో కిరసనాయిలు చుక్కలు వెయ్యాలి, ఒక రాత్రి ఉంచాలి, పొద్దున్న చేత్తో చక్రం మెల్లగా ముందుకీ వెనక్కీ కదపాలి, కారిన నల్ల మడ్డి గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత మిషను నూనె తప్ప ఇంకేదీ వెయ్యకూడదు. వంట నూనె కూడా జిగురైపోతాది.

సెలవుల నుంచి వచ్చేక ముగ్గురం కలిసి అలాగే చేసేం. మూడో రోజుకి చక్రం తిరిగింది. కానీ కుట్టు పడలేదు. కింది దారం వదులుగా వచ్చేస్తోంది. చూస్తే బాబిన్ కేసుకి ఉండే చిన్న స్ప్రింగు రేకు తుప్పు పట్టి విరిగిపోయింది. "సామాను దొరకదు, పాత మోడలు" అని అప్పుడే అన్నారు. అన్నవాళ్ళు ఎవరూ ఏ కొట్లోనూ అడిగి చూడలేదు.

మా అయ్య మిరియాలు అమ్మడానికి నర్సీపట్నం వెళ్తుంటే ఆ బాబిన్ కేసు గుడ్డలో మూటకట్టి ఇచ్చేను. మా అయ్యకి చదువు రాదు. "మిషను నంబరు అడిగితే ఏటి చెప్పాల?" అని భయపడ్డాడు. "ఏటీ చెప్పొద్దయ్యా, ఇది చూపించు" అన్నాను. కొట్టు ఆయన చూసి, మాట్లాడకుండా డబ్బాలోంచి అలాంటిదే తీసి ఇచ్చేడట. 60 రూపాయలు. ఆ రకం చాలా కంపెనీల మిషన్లకి సరిపోతాదట. అందుకని నేను చెప్పేది, ఏ ముక్క కొనాలన్నా పాత ముక్క చేతిలో పట్టుకునే వెళ్ళాలి. చూడ్డానికి ఒకలాగే ఉన్నవి కొన్ని మన మిషనులో పట్టవు.

సైన్సు సారు చెప్పేరు, సింగర్ అనే ఆయన అమెరికాలో కుట్టు మిషనుకి 1851లో పేటెంటు తీసుకున్నాడని. మన దేశంలో ఉషా మిషన్లు కలకత్తాలో 1930లలో మొదలయ్యేయి. యంత్రాలంటే ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో కుట్టు మిషనుని మాత్రం మినహాయించేరట. ఈ తొక్కుడు మిషను నమూనా అప్పటినుంచీ పెద్దగా మారలేదు. మారలేదు కాబట్టే దాని సామాను ఇంకా చిన్న కొట్లలో దొరుకుతోంది.

కరెంటు మిషను వస్తే నాకూ సంతోషమే. వేగంగా కుడతాది. కానీ గాలివాన వస్తే మనకి రెండేసి రోజులు కరెంటు ఉండదు కదా. దాని మోటారు కాలిపోతే మనలో విప్పి చూసేవాళ్ళు ఎవరున్నారు? కొత్తది రానివ్వండి, పాతది కూడా ఉండనివ్వండి.

ఇంకో సంగతి, రాయాలా వద్దా అని ఆలోచించేను. ఆమెని అడిగి, పేరు లేకుండా రాస్తున్నాను. మనలో ఒక అమ్మాయికి యూనిఫాం పేంటు కుట్టు విడిపోయింది. మూడు రోజులు కడుపు నొప్పి అని చెప్పి క్లాసుకి రాలేదు. నాలుగో రోజు పిన్నీసులు పెట్టుకుని వచ్చి వెనక కూర్చుంది. లెక్కల సారు బోర్డు దగ్గరికి పిలిస్తే లేవలేదు. లెక్క రాదని తిట్లు తింది. లెక్క వచ్చు. పిన్నీసు ఊడిపోతాదని భయం. మనకి యూనిఫాం కుట్టించే ఇస్తారు గానీ ఒకరికి బిగుతు, ఒకరికి వదులు. బయట దర్జీ దగ్గరికి వెళ్ళాలంటే పర్మిషను కావాలి, 30 రూపాయలు కావాలి. ఇంటినుంచి డబ్బులు రానివాళ్ళు ఎంతమంది ఉన్నారో మేడం గారికి తెలుసు. ఆమె పేంటు మొన్న ఆదివారం మన పాత మిషను మీదే కుట్టేం. పావుగంట పట్టింది.

ఇప్పుడు కావలసినవి తోలు బెల్టు ఒకటి (ఉన్నది సాగిపోయి జారుతోంది, రెండుసార్లు కోసి మళ్ళీ తీగ కలిపేం, ఇంక కోస్తే అందదు), బాబిన్‌కి దారం చుట్టే దగ్గర రబ్బరు రింగు, 16 నంబరు సూదులు, మిషను నూనె సీసా. అన్నీ కలిపి 300 రూపాయలు దాటవని చిన్నమ్మ చెప్పింది. హాస్టల్ పాత పేపర్లు అమ్మిన డబ్బులోంచి మేడం గారు ఇప్పించాలని కోరుతున్నాను.

మనవాళ్ళకి కూడా ఒక మాట. కుట్టేటప్పుడు గుడ్డ లాగకండి, గుడ్డని పళ్ళే జరుపుతాయి. లాగితే సూది వంగుతాది. వారంలో రెండు సూదులు విరిచి ఎవరూ "నేను" అని చెప్పలేదు. సూదికి ఒక పక్క చదునుగా ఉంటాది, ఆ పక్క తిరగేసి పెడితే కుట్టు పడదు. కుట్టడం అయ్యేక పళ్ళ సందుల్లో పీచు తియ్యండి.

ఆదివారం టిఫిను అయ్యేక నేను మిషను దగ్గర ఉంటాను. నేర్చుకునేవాళ్ళు రండి. చిరిగిన బనీను గుడ్డ ఒకటి తెచ్చుకోండి, తుడవడానికి. కొబ్బరి నూనె తేవద్దు.

— 9వ తరగతి విద్యార్థిని